చెరిపేసిన పంక్తులు

అది 1984 నవంబరు. కాలేజీ లేబొరేటరీ కిటికీలకు నల్లగుడ్డలు కట్టించి, కెమిస్ట్రీ లెక్చరర్ సుభాషిణి అతినీలలోహిత దీపం వెలిగించింది. బల్ల మీద మూడొందల ఏళ్ళనాటి మేకతోలు పత్రం ఉంది. పాతపట్నంలో పుస్తకాలు బైండు చేసే అబ్దుల్ రజాక్ ఇంట్లో ఐదు తరాలుగా దాచినది. దాని మీది పారసీ రాతను ఎవరో ఎప్పుడో గీకేశారు.

"అందులో ఏటుందో తెలీకుండానే మా అబ్బా పోయాడమ్మా," అన్నాడు పక్కన కూర్చున్న ముసలి రజాక్.

తోలు నీలంగా మెరిసింది. చెరిగిన అక్షరాలు ఒక్కొక్కటే నల్లగా తేలాయి. తోలును ఉల్లిపొరంత పల్చగా చేసిన ఆ పనితనానికి, ఒక్క వణుకూ లేని ఆ రాతకు సుభాషిణి మనసులోనే దండం పెట్టుకుంది.

చీకట్లో చదవడం మొదలైంది. గుసగుసలాంటి గొంతు, ఎక్కడా తడబడలేదు. పారసీ రాని సుభాషిణి, దీపపు నీలి వెలుగులో, వినబడినట్టే తెలుగు అక్షరాల్లో రాసుకుంది. నాలుగు పంక్తులయ్యాక గొంతు ఆగింది. దూరంగా హార్బరులో ఓడ కూత వినిపించింది.

"ఎంత బాగా చదివారు రజాక్ గారూ!" అంది.

"నాను సదవనేదమ్మా. శుక్లాలొచ్చిన కళ్ళు, ఒక్కచ్చరం అవుపడనేదు. నువ్వే సదువుతన్నావనుకుని ఇంటన్నాను."

ఆమె చెయ్యి లైటు స్విచ్ వైపు వెళ్ళింది.

"ఒద్దమ్మా," అన్నాడాయన ఆమె కదలిక పసిగట్టి. "ఎవరైనా కానీ, మిగిలింది సదవనీ."

గొంతు మళ్ళీ మొదలైంది, ఈసారి ఆమె చెవి పక్కనే. సుభాషిణి తల తిప్పలేదు. కలం అందుకుంది.