అడ్డకర్ర

“లోపలివాళ్ళు తమంతట తామే ఆగిపోతే, ఈ కొక్కాలు తలుపుకి బయటి వైపు ఎందుకున్నాయమ్మా?” అన్నాడు లెక్చరరు.

గైడమ్మాయి ధార తెగిపోయింది. అప్పటిదాకా గుక్క తిప్పుకోకుండా చెబుతోంది: మూడొందల ఏళ్ళ కిందట ఈ వీధికి ప్లేగు రావడం, పక్క ఊళ్ళకి సోకకూడదని జనం ఎవరిళ్ళలో వాళ్ళు తలుపులేసుకుని ఉండిపోవడం, గడప దాటినవాడు ఒక్కడూ లేకపోవడం. బస్సులో వచ్చినవాళ్ళంతా ఆ పాత ఇంటి ముందు చెప్పులు విప్పబోయేంత భక్తిగా నిలబడి ఉన్నారు. సరిగ్గా అప్పుడే ఈ కొక్కాలు.

“ఇటొకటి, అటొకటి. మధ్యలో అడ్డకర్ర పెడితే, బయటికి తెరుచుకునే తలుపు ఇక కదలదు. ఆ కర్రని లోపలున్నవాడు పెట్టుకోలేడు కదా?”

“అవి తర్వాతెవరో బిగించారండీ,” అంది ఆ అమ్మాయి. “గాలికి తలుపు కొట్టుకుంటోందని.”

లెక్చరరు నవ్వాడు. ముప్పై ఏళ్ళు కాలేజీలో సైకాలజీ చెప్పిన నవ్వు అది. “చావు ఎదురుగా ఉంటే మనసు ముందు కాళ్ళకే కబురు పెడుతుంది తల్లీ, పరిగెత్తమని. ఎవరో బయట కర్ర అడ్డం పెట్టారు. తర్వాత సిగ్గేసి లోపలివాళ్ళని దేవుళ్ళని చేశారు. అంతే కథ.” అని మెడ గోక్కున్నాడు.

గైడమ్మాయి మొహం చిన్నబోయింది. “మా ఊరికున్నదల్లా ఆ కథొక్కటేనండీ.”

“ఆ పిల్ల పొట్ట మీద కొట్టకపోతే మీకు పొద్దుపోదా?” అంది పక్కనుంచి భార్య. అంటూనే ఆయన మెడ వంక చూసింది. “ఇంత ఎండలో పై గుండీ ఎందుకు పెట్టుకున్నారు?”

“ఊరికే.”

“విప్పండి చూద్దాం.”

“నలుగురిలో ఏంటిది,” అని ఆయన గబగబా బస వైపు నడిచాడు.

బస అంటే అదే వీధిలో, అదే కాలపు ఇల్లు. అవే తలుపులు. గదులు అద్దెకిస్తారు. మధ్యాహ్నం అక్కణ్ణుంచి బస్సెక్కితే సాయంత్రానికి కూతురి ఊరు చేరతారు. మనవరాలు పుట్టి వారమైంది. ఆయన ఇంకా ఫొటోలోనే చూశాడు. ఫొటోలో పాప పిడికిలి బిగించి ఉంది. ఆ పిడికిట్లో తన వేలు పెట్టి చూడాలని ఆయనకి వారంగా ఒకటే తహతహ.

గదిలో అద్దం ముందు గుండీ విప్పాడు. పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు రెండే ఉన్నాయి. ఇప్పుడు మెడ చుట్టూ, ఛాతీ మీదా నీటి పొక్కులు. వేడి చేసింది, అనుకున్నాడు. పక్కింటి పిల్లాడికి ఆటలమ్మ పోసిందనీ, అంతకుముందే తాను వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదరంగం నేర్పాడనీ గుర్తొచ్చింది. అయినా వేడే, అనుకున్నాడు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో భార్య. ఎంతసేపట్నుంచి చూస్తోందో.

“వేడి పొక్కులోయ్. చల్లగా ఏదైనా తాగితే పోతాయి.”

“అలాగే ఉన్నాయి,” అంది ఆమె. తన సంచీ తీసుకుని బయటికి నడిచి తలుపు మూసింది. ఆ వెంటనే కర్ర ఇనుముకి రాసుకున్న చప్పుడు.

ఆయన తోశాడు. తలుపు కదల్లేదు.

“ఏం చేశావ్?”

“బట్టలారేసే వెదురుకర్ర. కొలిచి కోసినట్టు పట్టింది.”

“పిచ్చి వేషాలెయ్యకు. బస్సు టైమవుతోంది.”

“పోనివ్వండి.”

“దూరం నుంచే చూసొస్తాను. గుమ్మంలోనే నిలబడతాను. ముట్టుకోను.”

“మీరా?”

ఆయన గొంతు మార్చాడు. “సరే, నేనే ఉండిపోతాను. మాటిస్తున్నాను. ముందు కర్ర తియ్యి.”

“ఉండిపోయే మనిషికి కర్ర ఉంటే ఏం, లేకపోతే ఏం?”

ఆయన భుజం ఆనించి తలుపుని ఇంకోసారి తోశాడు. బస్సు హారన్ కొట్టి, కొట్టి, వెళ్ళిపోయింది.

కాసేపటికి ఆయన కిటికీ ఊచల్లోంచి చూస్తే, భార్య వరండాలో ఫోన్ మాట్లాడుతోంది. గైడమ్మాయి నీళ్ళ బిందె చంకన పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

“ఆటలమ్మేనే. నాకు చిన్నప్పుడే పోసింది, నాకేం కాదు. లేదే, నేనేం చెప్పలేదు, మీ నాన్నే. పసిగుడ్డుకి సోకుతుంది, నేను గడప దాటనంటే దాటనని కూర్చున్నారు.”

ఊచల్లోంచి ఫోన్ లోపలికొచ్చింది.

“నాన్నా,” అంది కూతురు. “పాపని చూడాలని ఎంత ఆశపడ్డావో నాకు తెలుసు. దాని కోసం ఆగిపోయావా?”

ఆయన భార్య వంక చూశాడు. ఆమె ఎటో చూస్తోంది. ఫోన్లో పాప సన్నగా ఏడ్చింది.

“జాగ్రత్తగా చూసుకో అమ్మా,” అన్నాడు. కాదని మాత్రం అనలేదు.

మర్నాటి నుంచి గైడమ్మాయి జనాన్ని ఆ కిటికీకి ఎదురుగా, కాస్త దూరంలో ఆపడం మొదలుపెట్టింది. “మూడొందల ఏళ్ళ నాటి మాట నమ్మనివాళ్ళు ఇటు చూడండి. చదువుకున్న పెద్దమనిషి, ఎవరూ చెప్పకుండానే...” మొదట్లో ఆయన దుప్పటి ముసుగేసుకుని గోడ వైపు తిరిగేవాడు. తర్వాత లేచి కూర్చుని వినసాగాడు. ఇంకొన్నాళ్ళకి, వాళ్ళొచ్చే వేళకి తల దువ్వుకుని కిటికీ దగ్గర కుర్చీ వేసుకునేవాడు. కర్ర మాత్రం భార్య తియ్యలేదు. తియ్యమని ఆయనా అడగడం మానేశాడు.

ఓ రోజు గుంపులోంచి ఒక కళ్ళజోడాయన ముందుకొచ్చి, తలుపుని పైకీ కిందికీ పరికించాడు.

“ఈయనంతట ఈయనే ఉండిపోతే, ఈ కర్ర బయటెందుకుందమ్మా?”

గైడమ్మాయి నోరు తెరిచేలోపే కిటికీలోంచి జవాబొచ్చింది.

“గాలికి తలుపు కొట్టుకుంటోందని.”