ఊఁ తాత

యామిని ఫోను మోగింది. "ఊఁ... ఊఁ... ఊఁ..."

లక్ష్మణ్‌కు ముద్ద గొంతులో అడ్డం పడింది.

"ఆ రింగ్‌టోన్ తీసెయ్యమని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"నీ ఆల్బమ్‌లదే గద!" అంది యామిని, మంచినీళ్లు అందిస్తూ.

"నా ఆల్బమ్‌ల నా గొంతు లేదా? ఆ ముసలోనిదే దొరికిందా?"

యామిని నవ్వింది. మొగుడికి ఇంకా మండింది.

మండదా మరి!

పదేళ్ల కిందట బోరు ఎండిపోతే, నాయనతో కలిసి పెద్దమందడి నుంచి ఎడ్లను పెబ్బేరు అంగడికి తోలుకెళ్లాడు లక్ష్మణ్. నాయన అక్కడ బేరంలో ఉన్నాడు. ఇక్కడ కొడుక్కి దుఃఖం ఆగలేదు. టీ హోటల్ వెనక బల్లమీద కూర్చుని, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుని, పిడికిలితో బల్లమీద దరువేస్తూ, కడుపులో ఉన్నదంతా, పాట వెంట పాట, ర్యాప్‌గా వెళ్లగక్కాడు.

బల్లకు ఆ చివర ఎవరో ముసలాయన వచ్చి కూర్చున్నాడు. అరచెయ్యి బల్లకు ఆనించి, లక్ష్మణ్ మొహంలోకే చూస్తూ, ప్రతి లైనుకూ ఊఁ కొట్టడం మొదలుపెట్టాడు. అమ్మమ్మ దగ్గర కథ వినే పిల్లాడిలాగ.

"తాతా, రికార్డింగ్ అయితుంది. జర ఊకో."

"ఊఁ."

"ఊకోమంటే ఊఁ అంటవేంది?"

"ఊఁ," అన్నాడు ముసలాయన, ఈసారి తల కూడా ఊపుతూ.

పొగరుబోతు ముసలోడు, అనుకున్నాడు లక్ష్మణ్.

ఎడ్లు అమ్ముడుపోయాయి. ఇంటికొచ్చి మళ్లీ పాడి చూశాడు. ఎంత గొంతు చించుకున్నా ఆ వేడి రాలేదు. చేసేది లేక ఆ అంగడి రికార్డింగునే, ఊఁలతో సహా, 'బోరు సప్పుడు' అని పేరుపెట్టి ఆల్బమ్ కింద ఇంటర్నెట్లో పెట్టేశాడు.

అందులో సినిమా ర్యాప్‌లో ఉండే కార్లు లేవు, గొలుసులు లేవు. బల్ల దరువు తప్ప వాయిద్యమే లేదు. అయినా ఇవాళ్టికీ తెలుగు హిప్‌హాప్ అంటే కుర్రాళ్లు ముందు దాని పేరే చెప్తారు.

అంతవరకూ బాగానే ఉంది. కింద కామెంట్లు చూడాలి!

"మాటలు లక్ష్మణ్ అన్నయి. పాణం తాతది."

"మూడో పాటల తాత జరసేపు ఆగి ఊఁ అంటడు. ఆడ ఏడ్సినన్నా."

"గంత మంచిగ వినెటోడు పక్కనుంటే ఎవరైన పాడుతరు."

ఈ చివరిదానికి వేలకు వేలు లైకులు! లక్ష్మణ్ దాన్ని చదివి చదివి కుళ్లిపోయాడు. ఎండింది నా బోరు. పోయాయి నా ఎడ్లు. పేరు మాత్రం ఆ ముసలోడికా?

పదేళ్లయిందని అభిమానులు గద్వాలలో ఒక హాలు మాట్లాడారు. ఆల్బమ్‌ను కొత్తగా బాగుచేసి వినిపిస్తానని లక్ష్మణ్ మాటిచ్చాడు. స్టూడియోలో దగ్గరుండి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఊఁలన్నీ ఏరించి పారేశాడు. అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో!

హాలు నిండింది. ఆల్బమ్ మొదలైంది.

ఒక లైను. తర్వాత ఖాళీ. ఇంకో లైను. మళ్లీ ఖాళీ.

ముందు వరసలోంచి ఒకమ్మాయి లేచింది. తేజస్విని అట, నేత నేసేవాళ్ల పిల్ల. ఇంట్లో మగ్గం ఆడినంతసేపూ ఈ పాటలే నడుస్తాయట.

"అన్నా, తాత ఏడి?"

"తీసేసిన. పాట సాఫ్‌గ ఉండాలె గద."

"మరి ఇప్పుడు ఎవరికి చెప్తున్నవన్నా నువ్వు?"

పాట నడుస్తూనే ఉంది. తర్వాతి ఖాళీ దగ్గర వెనకనుంచి ఎవరో "ఊఁ" అన్నారు. ఆ తర్వాతి దానికి ఇంకో పదిమంది. మూడో పాటకల్లా హాలు హాలంతా ఊఁ కొడుతోంది. చప్పట్లు కూడా ఆ తాతకే కొట్టారు.

తెల్లారి లేచి పెబ్బేరు బస్సెక్కాడు లక్ష్మణ్. అసూయ తగ్గి కాదు. ఏం విన్నావయ్యా నువ్వు, నాకు కూడా తెలియనిది నా పాటలో ఏం దొరికింది నీకు, అని మొహమ్మీదే అడిగెయ్యాలని.

టీ హోటల్ ఈరన్నకు ఫోన్‌లో ఆ ఊఁ వినిపించాడు.

"మా ధర్మయ్య గద!" అన్నాడు ఈరన్న, చేతిలో గ్లాసు అట్లాగే పట్టుకుని. "పోయిన వానకాలం కాలంజేసిండు. బిడ్డ ఉంటది, జోగులమ్మ. గా నీలం తలుపు ఇల్లు."

ఇక అడగడానికి మనిషే లేడు. అయినా వెళ్లాడు. గడపలో కూర్చుని ఉన్న జోగులమ్మకు సంగతంతా చెప్పి, పాట పెట్టాడు.

ఆమె ఫోను చెవికి అదుముకుంది. "మా నాయననే," అంటూ బావురుమంది.

లక్ష్మణ్ పదేళ్లుగా లోపల దాచుకున్న మాట బయటికొచ్చేసింది.

"నాకు కడుపుమంటుండె అక్కా మీ నాయన మీద. నా ఇంట్ల నా మాట ఎవరు గట్ల విన్లేదు. మీ నాయన ఒక్కమాట ఇడ్సిపెట్టకుండ విన్నడు."

జోగులమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని అతని వైపు వింతగా చూసింది.

"ఎవరన్న ఒక్కరే కూసొని బాధ చెప్పుకుంటుంటే మా నాయనకు పాణం ఆగకపోయేది, పక్కకు పోయి కూసొని ఊఁ కొట్టెటోడు. గంతే తమ్మీ, ఆయన వినుడేంది, చిన్నప్పుడే జరమొచ్చి రెండు చెవులు పోయినయి మా నాయనకు!"