పరదా కట్టిన జీపు

ఫటేలున ఏదో విరిగిన చప్పుడు. ఎడపల్లి రోడ్డు మీద, సరిగ్గా మన్సూర్ రిపేరు షెడ్డు ఎదుట జీపు ఆగిపోయింది. ఇంజను మోగుతూనే ఉంది. బండి మాత్రం కదలదు.

డ్రైవరు సిద్దిరాములు దూకి వచ్చాడు. "మన్సూర్ భాయ్, నీ కాళ్లు మొక్కుత! దొరసానికి నొప్పులు. నిజామాబాద్ దవాఖానకు పోవాలె. వెనుక యాక్సిల్ పోయినట్టుంది."

జీపు వెనుక భాగమంతా ముదురెరుపు పరదా బిగించి కట్టి ఉంది. లోపలి నుంచి మూలుగు వినిపించింది. అది ఆగగానే ఒక ముసలి గొంతు పలికింది. "జల్ది జెయ్యి కొడుకా! మంత్రసాని లక్ష్మవ్వను చెప్తున్న. బిడ్డ అడ్డం తిరిగింది. పొద్దుగూకితే తల్లి దక్కదు."

మన్సూర్ పానాలు అందుకున్నాడు. అతని భార్య రుఖయ్యా ఇలాంటి నొప్పులతోనే, ఇదే రోడ్డు మీద, దవాఖాన చేరకముందే ఎడ్లబండిలో కన్నుమూసింది.

"అమ్మలను దింపు అన్నా. షెడ్డుల నీడకు కూసుంటరు."

"దొరసాని ఘోషా. పరాయి మొగోని కంట్ల పడితే దొర నా తోలు తీస్తడు."

మన్సూర్ చూపు దించుకున్నాడు. గడీల ఆచారం అతనికి తెలియనిది కాదు. పరదా అంటే అతని ఇంట్లోనూ గౌరవమే. వెల్లకిలా జీపు కిందికి దూరాడు. బండి బరువు మోసే కమాను పట్టీలు బల్లపరుపుగా అణిగి ఉన్నాయి.

"గుంతలన్నీ ఎగిరిచ్చుకుంట తోలినవా? నీకు లైసెన్సు ఇచ్చినోణ్ణి అనాలె."

"తర్వాత తిట్టు భాయ్! ముందరి చక్రాలకు గేరేసి గిట్లనే గుంజుకపోనా?"

"ఇరిగిన ముక్క లోపల గేరు పండ్లల్ల పడితే మొత్తం పట్టేస్తది. తీసినంకనే పో."

మిలటరీ వేలంలో కొన్న పాత జీపు అది. చక్రం ఊడదీయకుండానే యాక్సిల్ లాగవచ్చు. కుడి చక్రం నడిమి బోల్టులు విప్పి లాగితే సగం కడ్డీయే వచ్చింది. మిగతా సగం గొట్టం లోతుల్లో ఇరుక్కుంది. ఇనుప తీగకు ఉచ్చు వేసి లోపలికి పంపాడు. చిక్కినట్టే చిక్కి జారిపోయింది. మళ్లీ పంపాడు. మళ్లీ జారింది. మోచేతుల దాకా నూనె కారుతోంది. పైన మరో మూలుగు, ఈసారి దీర్ఘంగా.

ఆ మూలుగు ఠక్కున తెగింది. "కొడుకా, తల్లి కండ్లు తేలేస్తున్నది!"

"యా అల్లా!" మన్సూర్ తీగను చేతికి చుట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి లాగాడు. అరచేయి కోసుకుపోయింది. ముక్క ఊడివచ్చి ఒళ్లో పడింది.

ఎడమవైపు యాక్సిల్ కూడా లాగేసి, నూనె కారకుండా రెండు రంధ్రాల్లోనూ గుడ్డ కుక్కాడు. "ఇగ వెనుక చక్రాలు ఉత్తగ దొర్లుతయ్. ముందువే గుంజుతయ్. మెల్లగ పో."

సిద్దిరాములు కదల్లేదు. కూతవేటు దూరంలో నాకా ఉంది. బోధన్ చక్కెర మిల్లు దిక్కు నుంచి వచ్చే ప్రతి బండినీ పోలీసులు ఆపి, దొంగసరుకు కోసం సోదా చేస్తున్నారు. "మళ్ల ఆపుతరు, భాయ్. పరదా తీయమంటరు."

మన్సూర్ ఇంకేమీ వినలేదు. నెత్తురు కారే చేయి ఊపుతూ జీపు కన్నా ముందు పరుగెత్తాడు. "జమాదార్ సాబ్! ఘోషా సవారీ! కాన్పు కేసు! నా జిమ్మేదారి, ఇడువుండ్రి!"

జమాదారుకు రుఖయ్యా సంగతి తెలుసు. నాకా అడ్డుగడను తానే ఎత్తాడు. ముందు చక్రాలు రోడ్డును గీరుకుంటూ, మూలుగుతూనే జీపు దాటిపోయింది.

కనుమరుగయ్యేదాకా దువా చదువుతూ నిలుచున్నాడు మన్సూర్. ఒక్క తల్లి అయినా దవాఖాన చేరుతోంది. కళ్లు తుడుచుకుని, పానాలు ఏరుకోవడానికి షెడ్డు ముందు వంగాడు.

జీపు నిలిచిన చోట, పరదా కిందినుంచి రాలిన చక్కెరకు అప్పటికే చీమలు పట్టాయి.