ఫ్రిజ్ పెట్టిన చదివింపులు

ఆ రోజుల్లో అనకాపల్లిలో ఫ్రిజ్ తలుపు తెరుచుకోవాలంటే ముందు అది చెప్పే ప్రకటనంతా వినాలి. రుబ్బిన పిండి గిన్నె పట్టుకుని నూకరత్నం దాని ముందు నిలబడింది.

"నూకరత్నంగారూ! మీ అప్పులన్నీ కలిపి ఒక్కటే అప్పు చేసి, మిమ్మల్ని ఒడ్డున పడేస్తాం. ఇప్పుడే ఒప్పుకుంటే ఐదు వేలు చదివింపులు!" అంది ఫ్రిజ్, సన్నాయి మోగిస్తూ. చదివింపులన్న మాట దానికెవడు నేర్పాడో గాని, నోరూరినట్టు నాలుగుసార్లు అంది.

మునిగిపోతున్నవాడికి తాడు విసిరే పుణ్యాత్ముడు, ఆ తాడు పట్టుకున్నందుకు ఎదురు డబ్బులిస్తాడా? నూకరత్నానికి ఒళ్లు మండింది. ఆమె మొగుడు సన్యాసిరావు మాత్రం అప్పటికే బొటనవేలు చాపుకుని వచ్చేశాడు.

"ఊరికే ఇత్తంటే నీకేటే నొప్పి?"

"సదివింపులు ఊరికే ఎవులెడతారయ్యా? రేపు ఆళ్లింట్లో పెళ్లైతే మనం పైనేసి ఎట్టొద్దూ?"

"ఫ్రిజ్జుకి పెళ్లేటే, ఎర్రిదానా!" సన్యాసిరావు పకపకా నవ్వి వేలిముద్ర నొక్కేశాడు. ఖాతాలో డబ్బు పడినట్టు గంట మోగింది. తలుపు తెరుచుకుంది.

నూకరత్నం గిన్నె లోపల పెట్టి, మొగుడికి వినపడేలా ఫ్రిజ్‌ని అడిగింది. "ఏటమ్మా, మీ ఇంట్లో పెళ్లెప్పుడు?"

ఎగతాళి తెలియని ఆ పెట్టె ఎంతో మర్యాదగా బదులిచ్చింది.

"పదేళ్లపాటు ప్రతి నెలా ఒకటో తారీఖునండీ. పైన ఎంత వేయాలో మేమే చెబుతాం."