పదికి రెండు

డబ్బా బోర్లిస్తే ఆరు చీటీలు పడ్డాయి. పెద్ద సిస్టర్ మళ్ళీ లెక్కపెట్టింది. ఆరే. వార్డులో ఆమె కింద పనిచేసేది చూస్తే ఐదుగురు.

"రెండు చీటీలు వేసిన మహానుభావులు ఎవరు?" అంది. ఆమె గొంతెత్తితే థర్మామీటర్లో పాదరసం కూడా జడిసి దిగిపోయేది. జ్వరం తగ్గిందనుకుని డాక్టర్లు సంబరపడేవారు.

ముగ్గురు సిస్టర్లూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆయా తల అడ్డంగా ఊపింది. స్ట్రెచర్ తోసే బాబాయి మాత్రం, "ఒకటి రాసేసరికే నా చెయ్యి పడిపోయింది తల్లీ, రెండోది కూడానా!" అన్నాడు.

ఈ చీటీల పద్ధతి పెద్ద సిస్టర్ పెట్టిందే. సోమవారం మధ్యాహ్నానికల్లా ఎవరి మార్కులు వాళ్ళే వేసుకుని డబ్బాలో వెయ్యాలి. పేరు రాయక్కర్లేదు. ప్రశ్న ఒక్కటే: గంట మోగాక మంచం దగ్గరికి ఎంత త్వరగా వెళ్తున్నాను, పదికి ఎన్ని? మార్కుల కింద తమ తప్పేమిటో రాయాలి. దాని కింద ఆమె సలహా రాసి గోడకి గుచ్చుతుంది. మూడు నెలల్లో వార్డు ఎంత మారిపోయిందంటే, గంట మోత ఎదురుగోడకి తగిలేలోపు ఐదుగురూ మంచం చుట్టూ ఉండేవారు.

ఐదు చీటీల్లోనూ తొమ్మిదులూ పదులే. ఆరోది విప్పింది. ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లగా ఉంది. పైకి చదివింది.

"పదికి రెండు. నాలుగో మంచానికి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ మీవాళ్ళు ముందే చేరారు. ఖాళీ చేతులతో తిరిగొచ్చాను."

పెద్ద సిస్టర్‌కి ఒళ్ళు మండింది. నాలుగో మంచం మీదున్నది ఆమె సొంత అక్క. తల్లి లేని పిల్లని ఎత్తుకుని పెంచిన అక్క. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, పోయిన వారం రెండుసార్లు ఊపిరాడక గంట కొట్టింది. రెండుసార్లూ చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనైంది.

"మా అక్క దగ్గరికి ఆలస్యంగా వెళ్ళిందెవరు? ఆక్సిజన్ మాస్కు మర్చిపోయి చేతులూపుకుంటూ వెళ్ళిందెవరు?"

"రెండుసార్లూ అందరం ఉన్నాం కదమ్మా," అంది ఆయా. "కంగారులో నా కాలు కూడా తొక్కావు. అయినా, 'మీవాళ్ళు' అంటారేంటి? మనవాళ్ళు కాదా?"

"అలిగి రాసుంటారులే," అంది పెద్ద సిస్టర్.

ఆ చీటీ పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళింది. అక్క దిండుకి ఆనుకుని మొత్తం చదివి నవ్వింది.

"తిట్టకే పాపం. ఉన్నదున్నట్టు ఒప్పుకున్నారు. నీకు లెక్కల్లో రెండొచ్చినప్పుడు నేను తిట్టానా? పక్కన కూచోబెట్టుకుని నేర్పాను."

"నేర్పావులే! జడ పట్టుకుని మరీ నేర్పావు."

"పదొచ్చిందా లేదా?" అక్కకి నవ్వు దగ్గులోకి దిగింది. చెల్లెలు వీపు నిమిరింది. "నేర్పవే. ఎవరో గానీ, పని చేతకాక బాధపడుతున్నారు."

అక్క మాట తీసెయ్యలేక, పెద్ద సిస్టర్ ఆ చీటీ కిందే గుండ్రటి అక్షరాలతో రాసింది: "దిగులుపడకు. గంట మోగేదాకా ఆగితే ఎప్పుడూ వెనకబడే ఉంటావు. నాలుగో మంచం దగ్గరికి ముందే వెళ్ళి నిలబడు. ఈసారి ఖాళీ చేతులతో రాకు." తీసుకెళ్ళి గోడకి గుచ్చింది.

ఆ వారమంతా అక్క కులాసాగానే ఉంది. ఒక్కసారి మాత్రం, "నా కాళ్ళ దగ్గర ఎవర్నో నిలబెట్టావేంటే? పలకరిస్తే పలకరు," అంది. నా సలహా పనిచేస్తోందని చెల్లెలు మురిసిపోయింది.

మళ్ళీ సోమవారం వచ్చింది. మధ్యాహ్నం డబ్బా చుట్టూ అందరూ చేరారు.

"ఇవాళ పొద్దుట్నుంచి నాలుగో మంచం గంటే లేదు," అన్నాడు బాబాయి. "మా కాళ్ళకి సెలవిచ్చింది మహాతల్లి."

"ఇందాకే తొంగిచూశా. గోడవైపు తిరిగి పడుకుంది," అంది ఆయా. "దగ్గు లేదు, ఆయాసం లేదు. అంత హాయిగా పడుకోగా నేనెప్పుడూ చూళ్ళేదు."

పెద్ద సిస్టర్ మొహం చాటంతయింది. డబ్బా బోర్లించింది. ఆరు చీటీలు. చల్లటిదాన్ని ముందు విప్పింది.

"పదికి పది!" అని అరిచింది. "చూశారా! రెండు నుంచి పదికి! కొట్టండి చప్పట్లు!"

అందరూ నవ్వుతూ చప్పట్లు కొట్టారు. ఆమె కళ్ళజోడు సవరించుకుని, మార్కుల కింద ఉన్నది పైకి చదివింది.

"మీరు నేర్పినట్టే గంటకి ముందే వెళ్ళాను, ఖాళీ చేతులతో రాలేదు."