రెండో బిళ్ల

నా బంగారుతల్లి నోరు చల్లగుండ! బట్టల ఫ్యాక్టరీలో ఈరోజు నలభై కుట్టుమిషన్లు ఆపించింది మా అమ్మాయి.

అక్కడ మరుగుదొడ్డికి వెళ్లాలంటే చేతిలో ఇత్తడి బిళ్ల ఉండాలి. నలభైమంది ఆడవాళ్లకు ఉన్నది ఒకటే. పొద్దున ఒక నిండు చూలాలు బిళ్ల కోసం కాచుకుని కాచుకుని, మిషను ముందే చీర తడుపుకుని ఏడ్చింది. మా అమ్మాయి ఆ బిళ్ల లాక్కుని నేరుగా యజమాని గదిలోకి దూసుకెళ్లింది.

యజమాని పక్కన కుర్చీలో యూనియన్ పెద్ద ఆయనతో పాటే టీ తాగుతున్నాడు.

“తొందరపడకమ్మా. అయ్యగారిని ఒప్పించాను, రెండో బిళ్ల ఇస్తారు. ఒక్కో మెట్టే ఎక్కాలి” అన్నాడు.

“మా ఒంటికి తాళమేస్తే, నువ్వు తాళంచెవికి బేరమాడుతున్నావా? ముప్పై ఏళ్లుగా ఎక్కిన మెట్లన్నీ ఈ కుర్చీ దాకేగా!”

బిళ్ల యజమాని కప్పులో పడేసింది. టీ ఆయన చొక్కా మీద చిందింది.

“దీనికి బుద్ధి చెప్పవయ్యా!” అని ఆయన పెద్దమీద అరిచాడు.

మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

“లే నాన్నా. బయట అందరూ మిషన్లు ఆపి నిలబడే ఉన్నారు.”

లేచాను. నా పెద్దరికాన్ని నా బిడ్డే కడిగేసిందని ఎంత సంబరమో చెప్పలేను! నా టీ సగం అక్కడే ఉండిపోయింది.