ముందు వీడియో

రెండో తరగతి టీచరు నీళ్ళసీసా నింపుకుని వచ్చేసరికి, ఎప్పుడూ కిష్కింధలా ఉండే క్లాసు బుద్ధిగా నిశ్శబ్దంగా ఉంది. ముందు బెంచీ పాప గౌనంతా వాంతి చేసుకుని వణుకుతోంది. చుట్టూ మూగిన పిల్లలు పాఠం కోసమిచ్చిన ట్యాబులు ఎత్తిపట్టుకుని వీడియో తీస్తున్నారు.

ఆ పుల్లటి కంపుకి టీచరు అసహ్యంతో ముక్కు మూసుకుంది. ఆ పిల్లల మొహాలు చూస్తే ఇంకా అసహ్యమేసింది.

"ఛీ! పిల్ల అల్లాడిపోతుంటే వీడియోలా? ఒక్కరైనా నీళ్ళిచ్చారా?"

"తీశాక ఇద్దామనుకున్నాం టీచర్," అన్నాడు క్లాసు లీడరు. "ముందు వీడియో తియ్యాలి కదా."

"ఎవరు చెప్పార్రా నీకు?"

"మీరే! మొన్న నేను పడి మోకాలు చీరుకుపోతే, 'ఒక్క నిమిషం ఏడుపు ఆపకు నాన్నా' అని ఫోన్లో తీసి, ఆ తర్వాతే కదా దూది పెట్టారు. పేరెంట్స్ గ్రూపులో చూసి అమ్మావాళ్ళు ఎంత నవ్వారో!"

వాడి గొంతులో నిష్ఠూరమేమీ లేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడంతే.

టీచరు ట్యాబులన్నీ లాక్కుని బల్లమీద పడేసింది. పాప ముందు చతికిలబడి, ఉత్తచేత్తోనే మూతి తుడవబోయింది. ఇప్పుడామెకు ఆ వాంతి అసహ్యంగా లేదు. తన చెయ్యే అసహ్యంగా ఉంది.

పాప వెక్కుతూనే మొహం వెనక్కి లాక్కుంది.

"అప్పుడే తుడవకండి టీచర్. మీరింకా తియ్యలేదు కదా."